రాళ్లు పిండి పట్టకముందే ఏరాలి



ఇవి యువజన శిక్షణ శిబిరంలో చెప్పిన మాటలు. రాలేకపోయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగారని రాసి పెడుతున్నా. మాట్లాడినట్టే రాశాను కాబట్టి అక్కడక్కడా దారి తప్పి మళ్లీ వస్తాను, ఓపిక పట్టండి.

వాగులో చేపలు తెల్లగా తేలితే మనం ఏం చేస్తాం? ఫోన్ తీసి వీడియో తీస్తాం. ఒకరు కూల్‌డ్రింక్ బాటిల్ కడిగి నీళ్లు పడతారు. ఎమ్మార్వోకి, పొల్యూషన్ బోర్డుకి దరఖాస్తు రాస్తాం. అధికారి వచ్చేసరికి మూడు రోజులో, వారమో అవుతుంది. ఆ నీళ్లు వాగు దాటి, ఏరు దాటి గోదాట్లో కలిసిపోయి ఉంటాయి. అప్పుడు పట్టిన శాంపిల్‌లో ఏమీ దొరకదు. "పరిమితుల్లోనే ఉంది" అని కాగితం వస్తుంది. మనం మళ్లీ ధర్నా చేస్తాం. ఇది చాలా ఊళ్లలో చూసిన కథే.

ధర్నా చేయొద్దని నేననను. కానీ మనం కొట్లాడే చోటు ఆలస్యపు చోటు. మురుగు వాగులోకి వచ్చాక దాన్ని పట్టుకునే సాధనాలు మన దగ్గర లేవు, సర్కారు దగ్గరా సరిగ్గా లేవు. అది పుట్టే చోట, అంటే ఫ్యాక్టరీ లోపల, ఏ గిన్నెలో ఏం ఉడుకుతోంది, ఏ పైపులోంచి ఏం కారుతోంది అన్న దగ్గర దాన్ని పట్టుకోవచ్చు. ఇప్పుడు ప్రపంచమంతా ఈ పనిలో తెలివైన వాళ్లు పోతున్న దారి అదే. ఆ దారి మనకు తెలిస్తే కంపెనీ వాళ్లను అడగాల్సిన ప్రశ్న మారిపోతుంది. "మురుగు వదలొద్దు" అనే బదులు "ఈ మురుగు అసలు ఎందుకు పుడుతోంది, ఎవరితో కలుస్తోంది" అని అడుగుతాం. మొదటి మాటకు వాళ్ల దగ్గర జవాబు ఎప్పుడూ రెడీగా ఉంటుంది. రెండో దానికి ఉండదు.

మన ఇళ్లల్లో జొన్నలు చెరిగేటప్పుడు అమ్మమ్మ రాళ్లు ఎప్పుడు ఏరుతుంది? గిర్నీకి పోకముందు. పిండి పట్టాక రాయిని ఏరడం ఎవరి తరమూ కాదు. రొట్టె తింటుంటే పంటికింద తగలాల్సిందే. ఫ్యాక్టరీ నీళ్లూ అంతే.

ఒక ఫ్యాక్టరీలోంచి వచ్చేది ఒక రకం నీళ్లు కాదు. నేను కొన్నేళ్లు ఒక కంపెనీ ఈటీపీలో, అంటే మురుగు శుద్ధి చేసే ప్లాంటులో, షిఫ్టు కెమిస్టుగా పని చేశాను. అక్కడ చూసిందే చెప్తా. కూలింగ్ టవర్‌లోంచి వచ్చే నీళ్లు దాదాపు మంచివే, కొంచెం ఉప్పు ఎక్కువ. నేల కడిగిన నీళ్లు ఒక మాదిరి. క్యాంటీన్, బాత్రూమ్ నీళ్లు ఊరి మురుగు లాంటివే. ఇక రియాక్టర్‌లోంచి సరుకు తీశాక మిగిలే ద్రవం ఉంటుంది, మదర్ లిక్కర్ అంటారు. అది రోజుకు కొన్ని డ్రమ్ములే, కానీ మొత్తం విషంలో పెద్ద వాటా దానిదే. ఈ నాలుగూ ఒకే కాలువలో పడితే ఏమవుతుంది? మంచి నీళ్లు కూడా చెడిపోతాయి. చిక్కటి విషం పల్చబడి, పట్టుకోవడానికి వీల్లేనంత పెద్ద మురుగవుతుంది. అదే ఆ కొన్ని డ్రమ్ములను పక్కకు తీసి పెడితే మిగతా నీళ్లను శుభ్రం చేయడం సులువు, మళ్లీ వాడుకోవచ్చు కూడా. దీన్ని వాళ్ల భాషలో స్ట్రీమ్ సెగ్రిగేషన్ అంటారు. మన భాషలో ఏరివేత.

ఇది పాటించకపోతే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ఉంది. 1970లలో అక్కడ పారిశ్రామికవాడ వచ్చింది. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు వరస కట్టాయి. నక్కవాగు అనే చిన్న వాగు ఆ మురుగును మోసుకెళ్లి మంజీరలో కలిపింది. పొలాలు పోయాయి, బోర్లు పోయాయి. డాక్టర్ ఎ. కిషన్‌రావు లాంటి వాళ్లు రైతులతో కలిసి 1980ల నుంచి కొట్లాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 1994లో పరిష్కారం అని ఒకటి వచ్చింది. అన్ని కంపెనీల మురుగూ ట్యాంకర్లలో తెచ్చి ఒకేచోట శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు, సీఈటీపీ.

వినడానికి బాగానే ఉంది. చిన్న కంపెనీ సొంతంగా ప్లాంటు కట్టుకోలేదు కదా, అందరికీ కలిపి ఒకటి కడితే ఖర్చు తగ్గుతుంది. కానీ ఆ ప్లాంటులో అసలు పని చేసేవి సూక్ష్మజీవులు. ట్యాంకులో గాలి ఊది బ్యాక్టీరియాను పెంచుతారు, అవి మురుగును తింటాయి. ఆ బ్యాక్టీరియా నోట్లో పోస్తున్నది ఏంటి? దాదాపు 90 మందుల కంపెనీల నుంచి వచ్చిన మురుగు. అందులో బ్యాక్టీరియాను చంపడానికే తయారు చేసిన యాంటీబయోటిక్స్ ఉన్నాయి. కుక్కను కాపలా పెట్టి దానికే విషం కలిపిన అన్నం పెట్టినట్టు.

2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్, ఆయనతో పనిచేసిన వాళ్లు ఈ ప్లాంటు శుద్ధి చేసి బయటికి వదిలిన నీళ్లను పరీక్షించిన ఫలితాలు అచ్చు వేశారు. సిప్రోఫ్లాక్సాసిన్ పేరు మీరంతా విన్నారు, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర కూడా దొరుకుతుంది. ఆ ఒక్క మందే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. గోళీ వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదాని కంటే అది ఎక్కువ. రోజుకు దాదాపు 45 కిలోల సిప్రో నీళ్లలో పోతోందని వాళ్లు లెక్క కట్టారు. మీరు కూడా లెక్క వేయండి. 500 మిల్లీగ్రాముల గోళీలైతే రోజుకు 90 వేల గోళీలు వాగులో వేసినట్టు. ఇది శుద్ధి చేశాక సంగతి!

అట్లాంటి నీళ్లలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా ఆ మందుకు లొంగదు. రేపు మన పిల్లకు అదే క్రిమి సోకి జ్వరమొస్తే ఆ గోళీ పని చేయదు. ఏజెన్సీలో పీహెచ్‌సీకి పోవడానికే జెడ్డీ కట్టి మోయాల్సిన ఊళ్లు మనవి. మొదటి మందు పని చేయకపోతే రెండో మందు కోసం వెళ్లేంత టైము మనకు ఉండదు. పటాన్‌చెరు మనకు దూరం అనుకోకండి. బ్యాక్టీరియాకు మండలం సరిహద్దులు తెలియవు.

మందుల మురుగులో యాంటీబయోటిక్ ఎంత ఉండొచ్చో ఒక పరిమితి పెడదామని కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా ఇచ్చింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. అంటే బయటికొచ్చే పైపు దగ్గర కొలిచి పట్టుకుందామంటే, ఏం కొలవాలో చట్టమే చెప్పని పరిస్థితి.

ఇక్కడొక మోసపు లెక్క చెప్తా, బాగా గుర్తు పెట్టుకోండి. నదిలో వదిలే నీళ్లకు మన దేశంలో సాధారణ పరిమితి బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250. ఈ రెండూ నీళ్లలో కుళ్లేది, కరిగి ఉన్నది ఎంత ఆక్సిజన్ మింగుతుందో చెప్పే కొలతలు. ఆక్సిజన్ పోతే చేప పోతుంది, అంతే. ఒక కంపెనీ దగ్గర సీఓడీ 1,000 ఉన్న నీళ్లు లక్ష లీటర్లు ఉన్నాయనుకోండి. అందులో మొత్తం 100 కిలోల సరుకు ఉన్నట్టు. వాళ్లు బోరు తిప్పి నాలుగు లక్షల లీటర్ల మంచినీళ్లు కలిపారు. ఇప్పుడు సీఓడీ 200. పాస్! వాగులోకి పోయింది మాత్రం అదే 100 కిలోలు. పైగా మన భూమిలోంచి నాలుగు లక్షల లీటర్ల మంచినీళ్లు పోయాయి. అందుకే "లీటరుకు ఎంత" అన్న జవాబుతో ఎప్పుడూ సంతృప్తి పడొద్దు. "రోజుకు ఎన్ని కిలోలు, టన్ను సరుకుకు ఎన్ని కిలోలు, టన్ను సరుకుకు ఎన్ని నీళ్లు" అని అడగాలి.

రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో ఇట్లాంటి లెక్కే పెట్టాడు. ఒక కిలో సరుకు చేయడానికి ఎన్ని కిలోల వ్యర్థం పుడుతోంది అని. పెట్రోలు శుద్ధి చేసే చోట అది కిలోలో పదో వంతు. మందుల తయారీలో 25 నుంచి 100 కిలోలు, ఇంకా పైకి కూడా. మందు చిన్నది, చెత్త పెద్దది. ఈ లెక్క బయటపడ్డాక కొన్ని కంపెనీలు తయారీ పద్ధతినే మార్చాయి. దశలు తగ్గించడం, చెడ్డ ద్రావకం బదులు తక్కువ హాని చేసే ద్రావకం వాడటం, వాడిన ద్రావకాన్ని ఆవిరి పట్టి మళ్లీ తీసుకోవడం. అసలు పుట్టని మురుగును శుద్ధి చేయాల్సిన పని లేదు. మూలం దగ్గర పట్టుకోవడంలో ఇదే అన్నింటికన్నా పై మెట్టు.

ఇప్పుడు మనకు బాగా దగ్గరి సంగతికి వద్దాం. కాగితం.

మన పొలాల గట్ల మీద, పోడు భూముల్లో పెంచిన జామాయిలు, సుబాబుల్ ఎక్కడికి పోతుంది? మిల్లుకు. కర్ర మనది, నది మనది కాబట్టి కాగితం ఎట్లా తయారవుతుందో మన పిల్లలకు తెలియాలి. కర్రను ముక్కలు చేసి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన నీళ్లలో పెద్ద కుక్కర్ లాంటి దాంట్లో ఉడికిస్తారు. కర్రలో సుమారు సగమే గుజ్జు అవుతుంది. మిగతా సగం, ముఖ్యంగా కర్రను గట్టిగా పట్టి ఉంచే జిగురు లాంటి లిగ్నిన్, ఆ నీళ్లలో కరిగి నల్లగా డికాషన్ లాగా దిగుతుంది. దాన్నే బ్లాక్ లిక్కర్ అంటారు. అది వాగులో పడితే వాగు నల్లబడుతుంది, చేప ఉండదు. దేశంలో చాలా చిన్న మిల్లులు ఏళ్ల తరబడి దాన్ని అట్లాగే వదిలాయి.

కానీ అదే నల్ల నీళ్లను కాచి చిక్కబరిస్తే బొగ్గులాగా మండుతుంది. పెద్ద మిల్లుల్లో రికవరీ బాయిలర్ అని ఉంటుంది. చిక్కబడిన లిక్కర్‌ను అందులో మండిస్తారు. లిగ్నిన్ కాలి ఆవిరి వస్తుంది, దాంతో కరెంటు చేసుకుంటారు. అడుగున కరిగి దిగిన ఉప్పుకు సున్నం పట్టిస్తే మొదట వాడిన సోడా రసాయనాలు తిరిగి వస్తాయి, మళ్లీ ఉడికించడానికి పనికొస్తాయి. నదిలోకి పోతే విషం, లోపలే ఉంచుకుంటే ఇంధనం. వస్తువు ఒక్కటే.

దీని తర్వాత తెల్లబరచడం. గోధుమరంగు గుజ్జు తెల్ల కాగితం కావాలంటే మిగిలిన లిగ్నిన్ పోవాలి. పాత పద్ధతి క్లోరిన్ గ్యాస్. క్లోరిన్ లిగ్నిన్‌తో కలిసి క్లోరిన్ పట్టిన విషాలను పుట్టిస్తుంది. వాటిల్లో డయాక్సిన్లు కూడా ఉంటాయి. ఇవి నీళ్లలో కరిగి కనబడకుండా పోయేవి కావు, చేప కొవ్వులో చేరి, చేప తిన్న మనిషిలో చేరతాయి. ఈటీపీలో ఎంత గాలి ఊదినా ఇవి పూర్తిగా పోవు. మరి ఏం చేశారు? పైపు చివర కొత్త యంత్రం పెట్టలేదు. క్లోరిన్ గ్యాస్‌నే మానేశారు. ముందుగా ఆక్సిజన్‌తో సగం దాకా లిగ్నిన్ తీసేసి, ఆ కడిగిన నీళ్లను రికవరీ బాయిలర్ వైపు తిప్పి, మిగిలిన దానికి క్లోరిన్ డయాక్సైడ్, ఓజోన్, పెరాక్సైడ్ లాంటివి వాడతారు. మన సారపాక మిల్లు 2000ల మొదట్లోనే క్లోరిన్ గ్యాస్ లేని పద్ధతికి మారింది, దేశంలో అట్లా మారిన మొదటిది. కేంద్ర బోర్డు కూడా 2003లో కంపెనీలతో చేసుకున్న ఒప్పందపత్రంలో పెద్ద కాగితపు మిల్లులు ఈ క్లోరిన్ విషాలను టన్ను కాగితానికి ఒకటిన్నర కిలోకు, తర్వాత ఒక కిలోకు తగ్గించాలని రాసింది. చూశారా, అక్కడ "లీటరుకు" అనలేదు, "టన్నుకు" అన్నది.

ఇది మిల్లుకు సర్టిఫికెట్ ఇవ్వడం కాదు. ఆ మిల్లు మీద భూమి గురించి, ఉద్యోగాల గురించి, గాలి గురించి మన ప్రశ్నలు వేరే ఉండొచ్చు, ఉండాలి కూడా. నేను చెప్పేది ఒక్కటే: "సాధ్యం కాదు, ఖర్చు భరించలేం" అని రేపు ఇంకో కంపెనీ మన ముందుకొచ్చి అంటే, మన నది ఒడ్డునే సాధ్యమైందని చెప్పగలం.

ఇంకో చిన్న విషయం, నాకు భలే ఇష్టమైనది. గుజ్జును నాలుగైదు సార్లు కడగాలి. ప్రతిసారీ కొత్త నీళ్లు పోస్తే నీళ్లు నాలుగైదింతలు. తెలివిగా ఏం చేస్తారంటే, చివరి కడుగుకు మాత్రమే మంచినీళ్లు. ఆ నీళ్లను దాని ముందు కడుగుకు, ఆ నీళ్లను ఇంకా ముందు కడుగుకు. గుజ్జు ముందుకు పోతుంది, నీళ్లు వెనక్కి వస్తాయి. మన అమ్మలు గిన్నెలు తోమేటప్పుడు చేసేది ఇదే కదా. మంచినీళ్లతో ఆఖరి కడుగు, ఆ నీళ్లతో తర్వాతి గిన్నెల మొదటి కడుగు. ఎండాకాలం చెలమలోంచి బిందె మోసిన వాళ్లకు ఇది ఏ ఇంజనీరూ నేర్పక్కర్లేదు.

ఇక "జీరో లిక్విడ్ డిశ్చార్జ్" అనే మాట. జెడ్ఎల్‌డీ. ఈ మధ్య ఏ కంపెనీ వచ్చినా ఈ మాట అంటుంది, "మా దగ్గర చుక్క నీరు బయటికి రాదు" అని. నమ్మాలా? సగం నమ్మండి. ముందుగా ఉప్పు ఎక్కువున్న మురుగును స్ట్రిప్పర్‌లో వేడి చేసి, అందులోని ద్రావకాలను ఆవిరిగా తీస్తారు. తర్వాత వరసగా పెట్టిన బాయిలర్ల లాంటి ఎవాపరేటర్లలో కాస్తారు, ఒకదాని ఆవిరి తర్వాతి దాన్ని వేడి చేస్తుంది. ఆఖరికి ఇంకో యంత్రంలో పూర్తిగా ఎండబెడితే ఉప్పు మిగులుతుంది. ఉప్పు తక్కువున్న నీళ్లను బ్యాక్టీరియా ట్యాంకుకు, ఆర్ఓకు పంపి మళ్లీ వాడుకుంటారు. ఈ పద్ధతి నిజమే, పని చేస్తుంది. కానీ దానికి విపరీతంగా ఆవిరి, కరెంటు కావాలి. బొగ్గు మండాలి. డీజిల్ రేటు పెరిగిన నెలలోనో, బాయిలర్ చెడిన రాత్రో ఎవాపరేటర్ ఆపేసి గేటు తీసేయాలన్న ఆశ పుడుతుంది. ఇంకా ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది? రకరకాల మురుగు కలిపి ఎండబెడితే ఎందుకూ పనికిరాని విషపు ఉప్పు వస్తుంది, దాన్ని ప్రమాదకర వ్యర్థాల గుంటకు పంపాలి. వానలో తడిస్తే మళ్లీ నీళ్లే. చుక్క నీరు రాదన్నది నిజమైనా, లారీ ఉప్పు ఎక్కడ దిగుతోందన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

ఇక్కడ కూడా ఏరివేతే తేడా తెస్తుంది. తమిళనాడు తిరుప్పూర్‌లో బట్టల అద్దకం పరిశ్రమ నొయ్యల్ నదిని ఉప్పు మయం చేసింది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూసేయమంది. తర్వాత తెరుచుకోవడానికి వాళ్లు వెతికిన దారుల్లో ఒకటి, అద్దకపు ఉప్పునీటినే శుభ్రం చేసి మళ్లీ అద్దకానికి వాడటం. అద్దకానికి ఎట్లాగూ ఉప్పు కొంటారు కదా, అదే ఉప్పు మళ్లీ వాడితే కాచే నీళ్లు తగ్గుతాయి, కొనే ఉప్పు తగ్గుతుంది. వేరే మురుగుతో కలిపి ఉంటే ఇది కుదిరేది కాదు.

ఇప్పుడు మన సొంత ఇంటి మాట కూడా అనుకోవాలి. అరకు, పాడేరు, చింతపల్లి వైపు మనవాళ్లే కాఫీ రైతులు. ఎర్ర పండు కోసి తొక్క తీస్తాం, పల్పింగ్ అంటాం. పండు బరువులో సగానికి దగ్గరగా తొక్కే. తొక్క, లోపలి జిగురు చక్కెరతో నిండి ఉంటాయి. ఆ కడిగిన నీళ్లు గెడ్డలో పోస్తే పులుస్తాయి, నీళ్లు పుల్లగా మారతాయి, ఆక్సిజన్ తినేస్తాయి. పైగా కాఫీ పని చలికాలంలో, గెడ్డలు సన్నబడే రోజుల్లో. మందుల కంపెనీ విషంతో దీన్ని పోల్చడం తప్పు, ఇది కుళ్లిపోయే సరుకే. కానీ కింది ఊళ్లో తాగేది ఆ గెడ్డ నీళ్లే అయితే తేడా వాళ్లకేం తెలుస్తుంది? దీనికి ఇకో పల్పర్ వచ్చింది. జిగురును నీళ్లలో నానబెట్టి కడిగే బదులు యంత్రమే రాపిడితో తీసేస్తుంది. కిలో పండుకు లీటరు నీళ్లు చాలు, ఇంకా తక్కువైనా సరిపోతుంది. తొక్కను నీళ్లతో తోయకుండా పొడిగా ఒకవైపు పోస్తే ఎరువు అవుతుంది. చింతపల్లిలో ఇట్లాంటి యూనిట్ ఉంది, చూసి రండి. సొసైటీగా ఏర్పడి ఊరికొకటి పెట్టుకుంటే, రేపు ఎవడైనా "మీ కాఫీ నీళ్ల సంగతేంటి" అని ఎదురు తిరిగినప్పుడు నోరు మూసుకోవాల్సిన పని ఉండదు.

ఫ్యాక్టరీలే వద్దంటే పోలా అని శిబిరంలో ఒక తమ్ముడు అడిగాడు. కొన్నిచోట్ల అదే సరైన జవాబు. 2013లో నియమగిరిలో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంటే, 12 గ్రామసభలూ బాక్సైట్ వద్దన్నాయి. కొండే దేవుడైన చోట, కొండే ఊటలకు తల్లి అయిన చోట ఏ టెక్నాలజీ కూడా జవాబు కాదు. కానీ ఉన్న ఫ్యాక్టరీ సంగతి వేరు. మంగపేట మండలం కమలాపురం గుజ్జు మిల్లు 2014లో ఆగిపోయాక ఆ కార్మికుల ఇళ్లల్లో ఏం జరిగిందో అక్కడి వాళ్లను అడగండి. నీళ్లా, కూలా అనే బేరంలో మనల్ని నిలబెట్టడమే అన్యాయం. మూలం దగ్గర మురుగును ఆపే పద్ధతి ఉన్నప్పుడు ఆ బేరానికి మనం ఎందుకు ఒప్పుకోవాలి?

ఆ ఫ్యాక్టరీల్లో మనకు దొరికే పని ఏంటో కూడా తెలుసు కదా. కాంట్రాక్టు హెల్పర్, ఈటీపీ ఆపరేటర్, ట్యాంకు కడిగే పని. సల్ఫైడ్ ఉన్న నీళ్లు, యాసిడ్ ఉన్న నీళ్లు ఒకే గుంటలో కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన. ఆ గ్యాస్ ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియడం ఆగిపోతుంది. "వాసన పోయింది, ఇక దిగొచ్చు" అనుకున్నవాడు దిగి పైకి రాడు. వాణ్ని తీయడానికి దిగిన రెండోవాడూ రాడు. కాబట్టి ఏ నీళ్లు దేంతో కలుస్తున్నాయన్నది వాగు ప్రశ్న మాత్రమే కాదు, మన తమ్ముడి ప్రాణం ప్రశ్న. గ్యాస్ మీటరు పెట్టి చూడకుండా, గాలి ఊదకుండా, నడుముకు తాడు, పైన మనిషి లేకుండా ఏ సూపర్‌వైజర్ చెప్పినా ట్యాంకులోకి దిగొద్దు. ఉద్యోగం పోతే పోనీ.

సరే, అడగడం ఎప్పుడు, ఎక్కడ? ఫ్యాక్టరీ కట్టకముందు. పెద్ద పరిశ్రమలకు 2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి, కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. (నోటిఫై అయిన పారిశ్రామికవాడ లోపలైతే ఈ సభ నుంచి మినహాయింపు ఉంది. అందుకే కొందరు ముందు పారిశ్రామికవాడ చేయించుకుని, తర్వాత వస్తారు, కనిపెట్టి ఉండండి.) ఆ నివేదికలో నీటి లెక్కల పట్టిక ఉంటుంది, వాటర్ బ్యాలెన్స్ అంటారు. మన వాళ్లు సభకు వెళ్లి ఉద్యోగాలు ఎన్ని అనే ఒక్క ప్రశ్న అడిగి వస్తారు. ఆ పట్టిక తెరవండి. ఎన్ని నీళ్లు లోపలికి పోతున్నాయి, ఎన్ని ఏ రూపంలో బయటికొస్తున్నాయి, కూడిక సరిపోతోందా చూడండి. ఉప్పు ఎక్కువున్న నీళ్లకు వేరే పైపు, వేరే ట్యాంకు డ్రాయింగులో ఉందా? రసాయనం ఒలికితే పట్టే గుంట, దాన్ని తిరిగి లోపలికి తోడే పంపు ఉన్నాయా? వాననీటి కాలువ, మురుగు కాలువ వేరువేరుగా ఉన్నాయా? ఈ చివరిది చాలా ముఖ్యం. వాన పడ్డ రాత్రి వదిలేది ఎక్కువగా వాననీటి కాలువలోంచే.

నీటి చట్టం 1974లోది. దాని కింద బోర్డు అనుమతి లేకుండా ఏ కంపెనీ మురుగు వదలకూడదు. ఆ అనుమతి కాగితంలో రోజుకు ఎన్ని కిలోలీటర్లు, ఎక్కడికి అని రాసి ఉంటుంది. ఆర్టీఐ వేసి తెప్పించుకోండి. ప్రతి కంపెనీ ఏటా సెప్టెంబర్ 30 లోపు బోర్డుకు ఫారం-5 అనే పర్యావరణ ప్రకటన ఇవ్వాలి. అందులో యూనిట్ సరుకుకు ఎన్ని నీళ్లు వాడారో, ఎంత కాలుష్యం పోయిందో రాయాల్సిన గడులు ఉంటాయి. రెండు మూడేళ్ల ఫారాలు పక్కపక్కన పెడితే కంపెనీ ముందుకు పోతోందో, పాత అంకెలే కాపీ కొడుతోందో పదో తరగతి పిల్ల కూడా చెప్తుంది. 2014 నుంచి బాగా కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలకు ఆన్‌లైన్ సెన్సార్లు పెట్టమని కేంద్ర బోర్డు ఆదేశించింది. మంచిదే, కానీ సెన్సార్‌ను బకెట్ మంచినీళ్లలో పెట్టి ఉంచితే అదీ మంచి అంకెలే చూపిస్తుంది. రోజంతా గీత గీసినట్టు ఒకే అంకె వస్తే అనుమానించండి. నిజమైన మురుగు ఎప్పుడూ ఒకేలా ఉండదు.

మనకు ఇంకో బలం ఉంది, మైదానం వాళ్లకు లేనిది. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 5 నీటి వనరులను, వాటి పరీవాహకాన్ని కాపాడే అధికారం హక్కుదారులకు, గ్రామసభకు ఇచ్చింది. పెసా 1996 చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీల చేతిలో పెట్టింది. గ్రామసభ తీర్మానంలో "కాలుష్యం ఆపాలి" అని ఒక్క వాక్యం రాసి సంతకాలు పెట్టడం అలవాటైంది. ఆ వాక్యాన్ని కలెక్టర్ ఆఫీసులో ఫైలు మింగేస్తుంది. దాని బదులు "ఫలానా ఫ్యాక్టరీ మదర్ లిక్కర్‌ను వేరు చేసి నిల్వ చేస్తున్నట్టు, దాని లారీ ఎక్కడికి పోతుందో నెలనెలా గ్రామసభకు రిజిస్టర్ చూపాలి" అని రాయండి. అట్లాంటి తీర్మానానికి అవునో కాదో జవాబు చెప్పాల్సి వస్తుంది.

మీ మండలంలో ఏ కంపెనీదైనా ఈఐఏ సారాంశం దొరికితే నీటి లెక్కల పేజీ ఫోటో తీసి తెండి. వచ్చే శిబిరంలో ఉపన్యాసం ఉండదు, కాలిక్యులేటర్లు తెచ్చుకోండి, కూర్చుని ఒక్కో వరస కూడుదాం.